చర్చ: గుండె జబ్బుకు చైనా మూలికలు – అమ్మనివ్వవచ్చా?

జురాంగ్‌వాసి: మా మామగారికి గుండె వాల్వు మార్చి తొమ్మిదేళ్లయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ వేసుకుంటారు. ఇక్కడ సింగపూర్‌లో చైనా మందుల దుకాణంలో డాన్‌షెన్ అనే ఎర్రటి వేరు కొని, పది రోజులు కషాయం కాచుకుని తాగారు. మోచేతుల కింద వంకాయ రంగులో కమిలిన మచ్చలు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ అంకె 3 దాటకూడదన్నారు, 6 దాటింది. ఇలాంటివి నిషేధించాలి.

పసరుమందు: ఒక్క మామగారిని చూసి వేల ఏళ్ల వైద్యాన్ని కొట్టిపారేస్తారా? తోంగ్‌షిన్‌లువో అనే చైనా గుండె మందు మీద చైనాలో 124 ఆసుపత్రుల్లో, 3,777 మంది గుండెపోటు రోగులతో జరిగిన పరీక్ష 2023లో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. నెల రోజుల్లో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 5.2 శాతం, మందు వేసుకున్నవారిలో 3.4 శాతం.

జురాంగ్‌వాసి: నేను డాన్‌షెన్ గురించి చెబుతుంటే మీరు తోంగ్‌షిన్‌లువో అంటారు! అదీ మామూలు చికిత్సతో పాటు ఇచ్చారు. అందులో తేలు, జలగ, జెర్రి కూడా ఉంటాయి.

తిరగలి: తేలు మూలిక ఎలా అవుతుంది?

మందులకొట్టు: డాన్‌షెన్, వార్ఫరిన్ కలిస్తే రక్తస్రావం జరుగుతుందని ఫార్మసీ చదివిన అందరికీ తెలుసు. ‘మా హువాంగ్’ అనే చైనా మూలికలోని ఎఫెడ్రిన్ అనే రసాయనం బీపీ పెంచి గుండెను పరుగెత్తిస్తుంది. ఎఫెడ్రిన్ ఉన్న ఆహార అనుబంధాలను అమెరికా 2004లో నిషేధించింది. ఫూజీ అనే ఇంకో చైనా మూలిక మన వత్సనాభి జాతిదే. సరిగా శుద్ధి చేయకపోతే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది.

పసరుమందు: అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. దగ్గుకు మనమూ నములుతాం. దాన్నీ నిషేధిస్తారా?

తిరగలి: తేలు సంగతి?

పసరుమందు: తేలును వదిలేయండి! జురాంగ్‌వాసి గారూ, వార్ఫరిన్ వాడుతున్నానని మీ మామగారు దుకాణంలో చెప్పారా?

జురాంగ్‌వాసి: లేదు.

పసరుమందు: వేరు సంగతి డాక్టరుకు?

జురాంగ్‌వాసి: చెప్పలేదు. ఎలా చెబుతారు? ఒకసారి మోకాలి నొప్పికి నాటు మందు రాసుకున్నానంటే, ఊళ్లో డాక్టరు పది మంది ముందు “అయితే ఇక్కడికెందుకొచ్చావు, ఆ నాటువైద్యుడి దగ్గరికే పో” అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషిని! అప్పటినుంచి ఎవరికీ ఏమీ చెప్పరు.

పసరుమందు: మరి కోపం దుకాణం మీద చూపిస్తారేమిటి?

జురాంగ్‌వాసి: డబ్బు తీసుకున్నవాడు అడగాలి కదా!

పసరుమందు: డాక్టరూ తీసుకున్నాడు.

మందులకొట్టు: నేనూ అడగను. నిజం చెప్పాలంటే, కౌంటరు ముందు వరుస ఉంటే ఎవరం అడుగుతాం?

జురాంగ్‌వాసి: (రెండు రోజుల తరువాత) ఐఎన్‌ఆర్ 2.8కి దిగింది. ఈ రోజు పక్క దులుపుతుంటే దిండు కింద ఇంకో పొట్లం దొరికింది. మా ఆవిడ అడగమంటుంది. అడిగితే ఈసారి ఎక్కడ దాస్తారో అని నా భయం.