మానవీయ శాస్త్రాల కోర్సులో వ్యాసాలు మెరుగుపడేదెలా?

ప్రశ్న: పాఠ్యభాగాలన్నీ శ్రద్ధగా చదువుతున్నప్పటికీ, నా చరిత్ర వ్యాసాలకు “సారాంశమే ఉంది, వాదన లేదు” అన్న వ్యాఖ్యే వస్తోంది. ఏం చేయాలో దయచేసి చెప్పగలరా?

మొదటి జవాబు: ఎవరూ కాదనలేని వాక్యం వాదన కాదండీ. “పారిశ్రామిక విప్లవం సమాజాన్ని మార్చింది” అనడానికి బదులు, ఫ్యాక్టరీ గడియారం కార్మికుల దినచర్యను యంత్రాల కంటే లోతుగా మార్చిందని రాస్తే, దానికి ఆధారాలు చూపవలసి వస్తుంది, ఎదురు వాదనకు సమాధానమూ చెప్పవలసి వస్తుంది.

రెండవ జవాబు: పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నోట్సుకు, 1950లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి మేలు: కుడివైపు నోట్సు, ఎడమవైపు సన్నని నిలువు గడిలో మీ ప్రశ్నలు, అడుగున సారాంశం. ఆ ప్రశ్నల్లోంచే వాదన పుడుతుంది.

మూడవ జవాబు: గడువుకు వారం ముందే చిత్తుప్రతిని అధ్యాపకులకు చూపించండి.