‘జీన్ రీఅరేంజ్‌మెంట్’ని తెలుగులో ఏమందాం?

ఒక కరపత్రం కోసం నిన్న నేను రాసుకున్న వాక్యం ఇది: ‘ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఏఎల్‌కే జన్యు పునర్వ్యవస్థీకరణ ప్రాంతీయ ప్రాబల్యం.’ వ్యాకరణం చూస్తే తప్పు లేదు. చదివితే మాత్రం పేపర్లో రాజకీయ వార్తలా ఉంది. పునర్వ్యవస్థీకరణ అనగానే మనకు 2014 చట్టం, రాజధాని, ఆస్తుల పంపకం గుర్తొస్తాయి. ఎవరో కూర్చుని పద్ధతిగా సర్దిన పని అనిపిస్తుంది. జన్యువులో జరిగింది అది కాదు.

రెండో క్రోమోజోమ్‌ పొట్టి చేతిలో ఈఎంఎల్4, ఏఎల్‌కే అనే రెండు జన్యువులు దూరదూరంగా ఉంటాయి. వాటి మధ్య ముక్క రెండు చోట్ల తెగి, తిరగబడి, మళ్లీ అతుక్కుంటుంది. దాంతో ఆ రెండు జన్యువులూ ఒకటైపోతాయి. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో మామూలుగా పని లేకుండా పడి ఉండే ఏఎల్‌కే, ఇక ఆగకుండా కణాన్ని పెరగమని తొందరపెడుతుంది. 2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం దీన్ని బయటపెట్టింది. 2011కల్లా అమెరికాలో దీనికి క్రిజోటినిబ్ మాత్ర అనుమతి పొందింది.

ఈ మాటల గొడవ నాకు మా పెద్దమ్మ ఊపిరితిత్తుల క్యాన్సర్ రిపోర్టుతో మొదలైంది. ఆవిడ చుట్టా బీడీ ఎన్నడూ ముట్టలేదు. ‘జన్యువులో తేడా ఉందట’ అని నేను చెప్పగానే మా అక్క అడిగిన మొదటి ప్రశ్న: ‘అయితే మా పిల్లలకీ వస్తుందా?’ జన్యువు అంటే మనకు తట్టేది వంశమే మరి. ఇది అమ్మానాన్నల నుంచి వచ్చిందీ కాదు, పిల్లలకు పోయేదీ కాదు. ఆ గడ్డ కణాల్లోనే పుట్టిన మార్పు. ఆ సంగతి ముందే చెప్పే మాట కావాలి నాకు.

తెలుగు మాస్టారి జవాబు:
అమ్మా, రెండు పదాలు కలిసి కొత్త రూపం వస్తే సంధి అంటాం. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. ‘జన్యు సంధి’ బాగుంటుందేమో చూడండి.

నా జవాబు:
మాస్టారూ, పోలిక చక్కగా కుదిరింది. కానీ రోగి మంచం పక్కన సంధి అంటే సన్నిపాతమే. జ్వరంలో సంధి ప్రేలాపన చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట వింటే హడలిపోతారు.

ల్యాబ్‌లో పనిచేసే ఒకరి జవాబు:
మేడమ్, ఫిష్ (FISH) అని, జన్యువుకు రంగు చుక్కలు పట్టించి మైక్రోస్కోపులో చూసే పరీక్ష ఉంది. ఆ స్లైడ్లు నేను రోజూ చూస్తాను. ఏఎల్‌కే తెగే చోటుకి ఒక పక్క ఎర్ర చుక్క, ఇంకో పక్క ఆకుపచ్చ చుక్క ఉండేలా రంగు పట్టిస్తాం. మామూలు కణంలో రెండూ ఆనుకుని పసుపుగా కనిపిస్తాయి. తెగితే విడిపోతాయి. మధ్య దూరం కనీసం రెండు చుక్కలంత ఉంటేనే లెక్కలోకి తీసుకుంటాం. కనీసం 50 కణాలు చూసి, 15 శాతం, ఆపైన విడిపోయి ఉంటే పాజిటివ్. మాలో మేం ‘స్ప్లిట్ వచ్చింది’ అనుకుంటాం. అంటే మేం చూసేది తెగడాన్ని, జబ్బు చేసేది అతుకు. రెండూ మాటలో ఉండాలి.

నా జవాబు:
సరిగ్గా అదే! ‘తెగి అతికిన జన్యువు.’

మాస్టారు:
అతుకు మనిషి వేసేది కదమ్మా, అతుకుల బొంతలాగా?

నేను:
అతుకు వేయడం మనిషి పని, అతుక్కోవడం కాదండీ. విరిగిన ఎముక అతుక్కుందంటాం, దాన్ని ఎవరూ కుట్టరు. ఇదీ అంతే, కాకపోతే తప్పు చోట అతుక్కుంది.

ఇక ‘ప్రాబల్యం’, అంటే ఇంగ్లిష్‌లో ప్రెవలెన్స్. అది పెత్తనం ఉన్నవాళ్లకు వాడే మాట. ‘వ్యాప్తి’ అంటే అంటువ్యాధి అనుకుంటారు. ‘ఎంతమందిలో’ అంటే చాలు. ఏఎల్‌కే అయితే, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే నాన్ స్మాల్ సెల్ రకం వచ్చిన 100 మందిలో సుమారు ముగ్గురి నుంచి ఐదుగురు. ఇలాగే తెగి అతుక్కునే ఆర్‌ఓఎస్1, ఆర్‌ఈటీ జన్యువులు ఒక్కొక్కటీ ఒకరిద్దరిలో. ఈజీఎఫ్‌ఆర్ అనే ఇంకో జన్యువులో వచ్చే మార్పు సంగతి వేరు: నాన్ స్మాల్ సెల్‌లోనే ఒక రకమైన అడినోకార్సినోమాలో తూర్పు ఆసియాలో దాదాపు సగం మందికి, ఐరోపాలో 10 నుంచి 15 శాతం మందికి ఉంటుంది. మన దేశం మధ్యలో ఉంది. ఏఎల్‌కేలో ప్రాంతాన్ని బట్టి అంత తేడా లేదు. పొగ తాగనివాళ్లలో, చిన్న వయసువాళ్లలో ఎక్కువ. అలాంటివాళ్లనే ఎంచి పరీక్షిస్తే ఆ ఊరి అంకె పెరిగి కనిపిస్తుంది. అందుకే ‘100 మందిలో’ అన్నప్పుడు ఏ 100 మందో కూడా రాయాలి.

వాక్యం ఇలా మార్చాను: ‘మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండి ఏఎల్‌కే పరీక్ష చేయించుకున్నవాళ్లలో, ఆ జన్యువు గడ్డలో తెగి తప్పుగా అతికినవాళ్లు ఎంతమంది?’

ఇంకొక్క మాట మిగిలింది. ‘పాజిటివ్’ చూసి మా అక్క రెండు రోజులు ఏడ్చింది. దీనికి మాత్ర ఉందన్న కబురు ఆ మాటలోనే ఉందని ఆమెకు తెలియలేదు. దానికి తెలుగులో ఏం రాస్తారు?