మైకేల్ జాక్సన్ 'హిస్టరీ': మీరు ఏ డిస్కు ఎక్కువ విన్నారు, పాత హిట్లా, కొత్త పాటలా?

రివైండ్‌బటన్:
'థ్రిల్లర్' గురించి, 'బ్యాడ్' గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం కానీ 1995 జూన్‌లో వచ్చిన 'హిస్టరీ' గురించి విడిగా చర్చ ఎప్పుడూ జరగలేదు, అందుకే మొదలుపెడుతున్నా. విననివాళ్ల కోసం చెప్తున్నా, అది రెండు డిస్కుల ఆల్బమ్. మొదటిదాంట్లో 'బిల్లీ జీన్'తో మొదలై 'హీల్ ద వరల్డ్' దాకా 15 పాత హిట్లు. రెండోదాంట్లో ఇంకో 15 పాటలు, వాటిలో దాదాపు అన్నీ అప్పటికి కొత్తవే. అంటే ఒక పూర్తి కొత్త ఆల్బమ్‌ని, ఒక పూర్తి హిట్స్ సంకలనాన్ని కలిపి ఒకే పెట్టెలో అమ్మారన్నమాట.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఆయన మనసులో ఉన్నది ఉన్నట్టు బయటపెట్టిన పాటలన్నీ ఆ రెండో డిస్కులోనే ఉన్నాయి. కోపం, భయం, ఒంటరితనం, ఏదీ దాచుకోలేదు. కానీ పక్కనే 'బీట్ ఇట్', 'బ్లాక్ ఆర్ వైట్' ఉండేసరికి జనం వాటి కోసమే కొన్నారు, వాటినే విన్నారు, రెండోది అదనంగా వచ్చిన సామాను అయిపోయింది. దానికి రావాల్సిన పేరు రాలేదని నాకు ఇప్పటికీ బాధే. మీలో ఎవరు ఏ డిస్కు అరగదీశారో, ఎందుకో రాయండి.

వైజాగ్_వాక్‌మన్:
మా ఇంట్లో మాత్రం మొదటి క్యాసెట్టే అరిగింది, ఒప్పుకోవాల్సిందే. మావాళ్లకి మైకేల్ జాక్సన్ అంటే ముందు గుర్తొచ్చేది 1985లో వచ్చిన 'దొంగ' సినిమాలో చిరంజీవి గారి 'గోలీమార్', ఆ తర్వాతే అసలు 'థ్రిల్లర్'. కాబట్టి నలుగురు ఫ్రెండ్స్ చేరితే టేప్‌రికార్డర్‌లో పడేది హిట్లే, ఎవడికి తెలిసిన స్టెప్పు వాడు వేసేవాడు.

రెండోది రాత్రిళ్లు ఒక్కడినే వాక్‌మన్‌లో వినేవాణ్ని. 'స్ట్రేంజర్ ఇన్ మాస్కో' చివర్లో పాటంతా అయిపోయాక ఒక మగ గొంతు రష్యన్‌లో గుసగుసగా ఏదో అడుగుతూ ఉంటుంది, గుర్తుందా? అప్పుడు అర్థం తెలీదు గానీ చీకట్లో వింటుంటే ఒళ్లు జలదరించేది. అది కేజీబీ (సోవియట్ గూఢచారి సంస్థ) మనిషి విచారణ చేస్తున్నట్టు పెట్టిన మాటలనీ, 'పశ్చిమ దేశాల నుంచి ఎందుకొచ్చావ్, ఒప్పుకో' అని నిలదీస్తున్నాడనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1993లో డేంజరస్ టూర్ కోసం మాస్కో వెళ్లినప్పుడు, అక్కడి హోటల్లో ఉండగా పుట్టిన పాటట. ప్రపంచంలో అందరికీ తెలిసిన మనిషి తనని ఎవరూ ఎరగని చోట తిరుగుతున్నట్టు పాడుకోవడం, ఆ లైన్లు అర్థమయ్యాక పాట మొత్తం మళ్లీ కొత్తగా వినిపించింది నాకు.

పాటలపెట్టె:
రివైండ్‌బటన్ గారూ, మీతో సగమే ఏకీభవిస్తా. హిట్ల డిస్కు లేకపోతే ఆ కొత్త పాటలు మన ఊళ్ల దాకా వచ్చేవేనా? 1995లో ఇంగ్లిష్ క్యాసెట్ కొనడమంటే ఇంట్లో పర్మిషన్ అడగాల్సిన ఖర్చు. 'ఇందులో అన్ని హిట్లూ ఉన్నాయి నాన్నా, మళ్లీ మళ్లీ కొననక్కర్లేదు' అనే ఒక్క మాట మీదే మా నాన్నగారు డబ్బులిచ్చారు. కొత్త ఆల్బమ్ మాత్రమే అయితే ఇచ్చేవారు కాదు.

ఇంకో సంగతి. హిట్ల సంకలనంలో కొత్త పాటలు పెట్టడం అప్పటికే మామూలే. మడోనా 'ఇమ్మాక్యులేట్ కలెక్షన్' 1990లో వచ్చింది, మొత్తం 17 పాటల్లో రెండే కొత్తవి. మైకేల్ సొంత చెల్లెలు జానెట్ జాక్సన్ కూడా అదే 1995లో, అక్టోబరులో, 'డిజైన్ ఆఫ్ ఎ డికేడ్' అని హిట్స్ ఆల్బమ్ వేసింది, అందులోనూ కొత్తవి రెండే. పాతవన్నీ ఇప్పటికే ఉన్న అభిమాని చేత కూడా ఆ రెండు పాటల కోసం మళ్లీ కొనిపించడం కంపెనీల పద్ధతి. మైకేల్ ఏకంగా 77 నిమిషాల కొత్త డిస్కు ఇచ్చాడు, అప్పటి సీడీలో పట్టేది దాదాపు అంతే. అందుకని నాకు ఇది జనాన్ని మోసం చేసినట్టు ఎప్పుడూ అనిపించలేదు, ఇచ్చిన డబ్బుకి రెట్టింపు దక్కినట్టే అనిపించింది.

అన్నట్టు, రెండో డిస్కులో అన్నీ కొత్తవి కావు. 'కమ్ టుగెదర్' బీటిల్స్ పాట, అది ఎనభైల్లోనే పాడి 1988 'మూన్‌వాకర్' సినిమాలో చూపించేశాడు. 'స్మైల్' చాప్లిన్ బాణీ, 1936 నాటి 'మోడర్న్ టైమ్స్'లోది.

నల్లకుంట_90స్:
బొంబాయి షోకి వెళ్లినవాణ్ని, కాబట్టి నేను మాట్లాడాలి. 1996 నవంబరు 1, అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్స్. ఆ టూర్ పేరే హిస్టరీ వరల్డ్ టూర్, సెప్టెంబరులో ప్రాగ్‌లో మొదలైంది, మరుసటి ఏడాది అక్టోబరులో డర్బన్‌లో ముగిసింది. మా మేనమామ అక్కడ ఉద్యోగం చేసేవాడు కాబట్టి టికెట్ దొరికింది, లేకపోతే మాలాంటి వాళ్లకి ఎక్కడిది.

ఈ చర్చకి కావాల్సిన విషయం ఏంటంటే, షో మొదలైందే కొత్త పాటలతో. తెర మీద రాకెట్ ప్రయాణం, తర్వాత స్టేజీ మీద రాకెట్‌లోంచి మెరిసే డ్రెస్సులో దిగి ఆయన కదలకుండా నిలబడ్డాడు, అంతే, జనం గోల ఆగలేదు. ఆ వెంటనే 'స్క్రీమ్', 'దే డోంట్ కేర్ అబౌట్ అస్'. నా చుట్టూ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పాటల మాటలు రావు, ఊరికే అరుస్తున్నారు. 'బిల్లీ జీన్' టైముకి సూట్‌కేస్ తెరిచి, నల్ల కోటు తీసి, గ్లవ్ తొడుక్కుని, టోపీ పెట్టుకునేసరికి ఒక్కొక్కడికీ పూనకం. కానీ 'ఎర్త్ సాంగ్' చివర్లో స్టేజీ మీదకి నిజం ట్యాంకులాంటిది వచ్చి, అందులోంచి సైనికుడు దిగి తుపాకీ ఎక్కుపెడితే, అంతమంది ఉన్న గ్రౌండు ఒక్కసారిగా సద్దుమణిగిపోయింది. సైనికుడు తుపాకీ వదిలేసి ఏడుస్తుంటే మా పక్కన ఉన్న పెద్దావిడ కూడా ఏడ్చేసింది. హిట్లు అందర్నీ ఎగిరించాయి, నిజమే. ఇంటికొచ్చాక నేను చెప్పుకున్నది మాత్రం ఆ ట్యాంకు గురించే.

మిక్సింగ్‌బోర్డ్:
సౌండ్ వైపు నుంచి కాస్త రాస్తా, ఎందుకంటే నా పనే అది. రెండు డిస్కులూ వరసగా మంచి హెడ్‌ఫోన్లలో వినండి. మొదటిదాంట్లో 1979 నుంచి 1991 దాకా వచ్చిన పాటలు కలగలిపి ఉంటాయి, ఏళ్ల వరస కూడా పాటించలేదు. 'రాక్ విత్ యు' మెత్తగా ఉంటుంది, 'బ్యాడ్' పదునుగా ఉంటుంది, ఒకే గొంతు అయినా ఒక్కోటి ఒక్కో గదిలో పాడినట్టు. రెండో డిస్కులోకి వచ్చేసరికి మొదటి సెకన్ల నుంచే గొంతు బిగుసుకుపోయి ఉంటుంది. 'స్క్రీమ్'లో మాటలు నమిలి ఉమ్మేసినట్టు పాడతాడు, పక్కన జానెట్ గొంతు చల్లగా వస్తుంది, ఆ తేడానే పాటని నిలబెట్టింది.

'స్ట్రేంజర్ ఇన్ మాస్కో'లో ఆ తాళం ఆయన నోటితో చేసిన బీట్‌బాక్స్ నుంచి తయారైంది. అందుకే డ్రమ్‌మెషీన్ లాగా ఉన్నా ఎక్కడో ఊపిరి తగులుతుంది. ఇక 'ఎర్త్ సాంగ్' పల్లవిలో మాటలే లేవు, ఉత్త రాగం. భాష రానివాడు కూడా పాడొచ్చు. చివరి రెండు నిమిషాలు గాస్పెల్ (చర్చి పాటల) గాయకుడు ఆండ్రే క్రౌచ్ కోరస్ ఒక ప్రశ్న వేస్తుంటే ఆయన దానికి మీద పడి అరుస్తుంటాడు, శ్రుతి పక్కకి పోతుందేమో అన్నంత దాకా వెళ్లి పోదు. ఈ రోజుల్లో అలాంటి టేక్‌ని ఎడిటింగ్‌లో నున్నగా గీకేస్తారు. బ్రిటన్‌లో 1995 క్రిస్మస్‌కి నంబర్ వన్ అదే పాట, ఆరు వారాలు దిగలేదు. అమెరికాలో దాన్ని సింగిల్‌గా విడుదలే చేయలేదు.

బ్రెజిల్_బాబాయ్:
ఉద్యోగరీత్యా కొన్నాళ్లుగా సావో పాలోలో ఉంటున్నా. ఇక్కడివాళ్లకి మైకేల్ అంటే 'థ్రిల్లర్' కంటే ముందు 'దే డోంట్ కేర్ అబౌట్ అస్'. 1996లో దర్శకుడు స్పైక్ లీ ఆ వీడియో తీసింది ఇక్కడి సాల్వడార్ నగరంలోని పెలోరిన్యోలో, రియోలోని సాంతా మార్తా అనే కొండ బస్తీలో. పేదరికం బయటపడుతుందని రియో అధికారులు షూటింగ్ వద్దన్నారు, అయినా జరిగింది. డప్పులు వాయించింది ఓలోడూమ్ బృందం, సుమారు 200 మంది.

సాంతా మార్తాకి వెళ్లాను. పైన ఒక చిన్న డాబా మీద ఆయన విగ్రహం చేతులు చాచి నిలబడి ఉంటుంది, కింద ఒకదాని మీద ఒకటి ఇళ్లు, వైర్లు, ఆరేసిన బట్టలు. నాతో వచ్చిన స్థానిక కుర్రాడు ఆ షూటింగ్ తర్వాత పుట్టినవాడు, అయినా 'మా దగ్గరికి వచ్చాడు' అని ఎంతో మర్యాదగా చెప్పాడు. రెండో డిస్కుకి పేరు రాలేదంటే నేనైతే ఒప్పుకోను తమ్ముడూ. అమెరికాలో రాలేదేమో. ఇక్కడ వచ్చింది, జర్మనీలో ఇదే పాట నంబర్ వన్ అయింది.

చిన్నినోట్స్:
ఇంతమంది రాశారు కానీ ఆ రెండో డిస్కు ఎందుకంత కోపంగా ఉందో ఎవరూ చెప్పలేదు. 1993లో ఒక బాలుణ్ని లైంగికంగా వేధించాడని ఆయన మీద ఆరోపణలు వచ్చాయి, 1994లో సివిల్ కేసు కోర్టు బయట డబ్బుతో పరిష్కారమైంది, క్రిమినల్ కేసు పెట్టలేదు. 'టాబ్లాయిడ్ జంకీ', 'చైల్డ్‌హుడ్', 'స్క్రీమ్' అన్నీ దానికి ఆయన ఇచ్చుకున్న జవాబులే. తర్వాత 2005లో ఇంకో కేసులో జ్యూరీ నిర్దోషి అంది, 2019లో ఆయన మీద ఆరోపణలతో వచ్చిన ఒక డాక్యుమెంటరీతో ఆ గొడవ మళ్లీ మొదలైంది.

నేను ఈ ఆల్బమ్‌తో పెరిగినదాన్ని. 'యు ఆర్ నాట్ అలోన్' మా అక్క పెళ్లయి వెళ్లిపోయిన రోజుల్లో నాకు పెద్ద ఓదార్పు. అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో అడుగుపెట్టిన వారమే నంబర్ వన్ అయిన మొదటి పాట అది. కానీ దాన్ని రాసింది ఆర్. కెల్లీ, 2021లో కోర్టులో లైంగిక నేరాల్లో అతను దోషి అని తేలింది. ఇప్పుడు ఆ పాట మొదలైతే నా చెయ్యి దానంతట అదే తర్వాతి పాటకి పోతుంది. మొదటి డిస్కుతో ఈ ఇబ్బంది నాకు తక్కువ, ఎందుకంటే అక్కడ డాన్స్ ఉంది. రెండోది నిజాయితీ గల డిస్కు అని రివైండ్‌బటన్ గారు అన్నారు. మైకేల్ చెప్పదలచుకున్నది మైకేల్ చెప్పాడు, అంతవరకే నేను ఒప్పుకోగలను. అవతలి మనిషి మాట అందులో లేదు.

రివైండ్‌బటన్:
చిన్నినోట్స్ గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు జవాబు టైప్ చేయలేకపోయాను. మీ మాటలో న్యాయం ఉంది. ఈ డిస్కుని దాని వెనకున్న గొడవ నుంచి విడదీసి వినమని నేను ఎవర్నీ అడగను, విడదీస్తే 'స్క్రీమ్'కి అర్థమే లేదు.

బాబాయ్ గారూ, బ్రెజిల్ సంగతి విన్నాక సంతోషమేసింది. నా ఫిర్యాదు కంపెనీ మీదే. 2001లో మొదటి డిస్కుని మాత్రం 'గ్రేటెస్ట్ హిట్స్: హిస్టరీ' అని విడిగా సీడీ వేసి అమ్మారు. రెండోది విడిగా రావడానికి, అదీ వినైల్ పిక్చర్ డిస్కుగా (బొమ్మ అచ్చేసిన రికార్డుగా), 2018 దాకా ఆగాలా?

వైజాగ్_వాక్‌మన్:
ఒక డౌట్. నా క్యాసెట్లు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ సీడీ కొందామనుకుంటున్నా, ముఖ్యంగా సీడీతో పాటు వచ్చే పుస్తకం కోసం. ఏం చూసుకోవాలి?

పాటలపెట్టె:
పుస్తకం 52 పేజీలది, ముందు అది ఉందో లేదో ఫొటో అడగండి, చాలామంది డిస్కులు మాత్రమే పంపుతారు. అందులో ఒక గది మూలలో మైకు పట్టుకుని ముడుచుకుని కూర్చున్న పిల్లాడి బొమ్మ ఉంటుంది, మైకేల్ స్వయంగా గీసింది. అది చూస్తే 'చైల్డ్‌హుడ్' వేరేగా వినిపిస్తుంది.

రెండోది, 'దే డోంట్ కేర్ అబౌట్ అస్'లో యూదులని కించపరిచేలా ఉన్నాయని రెండు మాటల మీద 1995లోనే పెద్ద దుమారం రేగింది, ఆయన క్షమాపణ చెప్పి తర్వాతి ప్రతుల్లో ఆ మాటలు వినిపించకుండా పైన శబ్దం వేయించాడు. మీరు ఆన్‌లైన్‌లో వినేది ఆ మార్చినదే. మొదటి ప్రతులకి కొందరు ఎక్కువ రేటు చెప్తారు, పాట కోసం కొనేవాళ్లకి ఆ ఖర్చు దండగ. మూడోది, పెట్టె మధ్యలో డిస్కుని పట్టి ఉంచే పళ్లు విరిగిపోయి డిస్కులు లోపల దొర్లుతుంటాయి, కాబట్టి రెండో డిస్కు గీతలు పడకుండా ఉందో లేదో వెలుగులో తీసిన ఫొటో కూడా అడగండి.