గెరార్డ్ లాంటోడు వెళ్ళిపోయాక కెప్టెన్సీ మన నెత్తిన పడితే?

బీచ్‌రోడ్_సిక్స్:
అన్నలూ, నవ్వకుండా చదవండి. మాది ఆఫీసు కుర్రాళ్ళ ఫుట్‌బాల్ టీమ్. ఆదివారం తెల్లారగట్ల వైజాగ్ ఏయూ గ్రౌండ్‌లో ఆడతాం, డబ్బులుంటే మధురవాడ వైపు టర్ఫ్ బుక్ చేసుకుని సెవెన్స్ (జట్టుకి ఏడుగురు). మా పాత కెప్టెన్‌కి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. గోల్స్ వాడివే, ఫ్రీకిక్‌లు వాడివే, వాడు ఒక మాటంటే అందరూ వినేవారు. నేను ఒక్క వారం కూడా డుమ్మా కొట్టనని నన్ను కెప్టెన్ చేసేశారు. నాకున్న అర్హత అదొక్కటే. మొన్న 4-1తో ఓడిపోయాం. రెండో గోల్ పడ్డాక "మార్కింగ్ చూసుకోండ్రా" అని అరిచాను, మా స్ట్రైకర్ వెనక్కి తిరిగి "ముందు నువ్వు ఐదు గజాల పాస్ సరిగ్గా ఇవ్వరా బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. బాధేంటంటే వాడన్నది నిజమే.

నేను ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ ఫ్యాన్ని. అక్కడ గెరార్డ్ లాంటి స్టార్ తర్వాత కెప్టెన్ అయిన జోర్డన్ హెండర్సన్‌ని కూడా మొదట్లో ఎవడూ లెక్కచేయలేదు కదా, మరి డ్రెస్సింగ్ రూమ్ అంతా అతని మాట ఎలా విన్నది? "కష్టపడ్డాడు" అని మాత్రం చెప్పకండి, ఆ ముక్క నాకూ తెలుసు.

మద్దిలపాలెం_కాప్:
తమ్ముడూ, లెక్కచేయకపోవడం కాదు, అమ్మేయబోయారు. 2011లో సండర్‌లాండ్ నుంచి వచ్చాడు, 2012లో కోచ్ రోజర్స్ పిలిచి ఫుల్హామ్‌కి వెళ్తావా అనడిగాడు, ఆ క్లబ్ ఆటగాడు డెంప్సీని తెచ్చుకోడానికి ఇతన్ని బదులు ఇద్దామని ప్లాన్. వెళ్ళను, ఇక్కడే ఉండి ఆడతానన్నాడు. దానికి ముందే మాంచెస్టర్ యునైటెడ్ చూసి వదిలేసింది, ఇతను నడుం నుంచి కాకుండా మోకాళ్ళ నుంచి పరిగెడతాడని, ముందుముందు దెబ్బలు తగులుతాయేమోనని అనుకున్నామని అప్పటి వాళ్ళ మేనేజర్ ఫెర్గూసన్ ఆత్మకథలోనే రాశాడు. పరుగుకే వంక పెట్టారంటే చూడు.

విలువ తెలిసింది మాత్రం అతను లేనప్పుడు. 2014 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ మీద 3-2తో గెలిచిన మ్యాచ్, ఆఖరి నిమిషాల్లో రెడ్ కార్డ్, మూడు మ్యాచ్‌ల నిషేధం. ఆ మూడింట్లోనే చెల్సీ చేతిలో 2-0 ఓటమి, క్రిస్టల్ ప్యాలెస్‌తో 3-3, లీగ్ టైటిల్ పోయింది. చెల్సీ మ్యాచ్‌లో గెరార్డ్ జారిపడి గోల్ ఇచ్చింది అందరికీ గుర్తే, ఆ రోజు మిడ్‌ఫీల్డ్‌లో పరిగెత్తడానికి 14వ నంబర్ హెండర్సన్ లేడన్నది ఎవడూ అనడు.

2015లో గెరార్డ్ వెళ్ళాక ఇతనికి కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ ఇచ్చారు. ఇక్కడ ఒకటి గమనించు, గెరార్డ్‌లా ఆడదామని అతను ట్రై చేయలేదు. ముప్పై గజాల నుంచి షాట్ కొట్టి హీరో అవుదామనుకునే రకం కాదు. 2019లో ఇంకో పని చేశాడు, నాకు అదే అన్నిటికన్నా నచ్చింది. అప్పటి కోచ్ క్లోప్ అతన్ని ఏడాదిన్నర డిఫెన్స్ ముందు ఆడించాడు, ఇతను వెళ్ళి ఇంకాస్త ముందుకి ఆడితే నాకు బాగుంటుందని అడిగాడు. అలిగి కూర్చోలేదు, పేపర్లకి చెప్పలేదు. సౌతాంప్టన్‌తో సబ్‌గా దిగి గోల్ కొట్టాడు. ఇన్నాళ్ళూ వెనక ఆడించింది నా తప్పేనని క్లోప్ తర్వాత ఒప్పుకున్నాడు.

అదే ఏడాది ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో బార్సిలోనాతో రెండో మ్యాచ్ అయితే మనకి రాత్రి పన్నెండున్నరకి మొదలు. మొదటి మ్యాచ్ 3-0 ఓటమి, మన స్టార్ ఫార్వర్డ్‌లు సలా లేడు, ఫిర్మినో లేడు. ఫస్టాఫ్‌లోనే ఇతని మోకాలికి దెబ్బ తగిలింది, హాఫ్ టైమ్‌లో నొప్పి తెలియకుండా మందులు, ఇంజెక్షన్లు వేయించుకుని మళ్ళీ దిగాడు. 4-0. నేను అరిచిన అరుపుకి కింద వాటా అంకుల్ దొంగలు పడ్డారనుకుని కర్ర పట్టుకొచ్చాడు.

డెవిల్_గాజువాక:
ఆపండి బాసూ. అలిసన్, వాన్ డైక్, సలా, మానే ఉన్న టీమ్‌కి మా గల్లీ వాచ్‌మన్‌ని కెప్టెన్ చేసినా 2020లోలా 99 పాయింట్లతో లీగ్ వస్తుంది. పైగా ఎల్‌జీబీటీ అభిమానుల వెంట ఉంటానని అన్నాళ్ళు చెప్పి, 2023లో స్వలింగ సంబంధాలు నేరమైన సౌదీలో అల్ ఎత్తిఫాక్ క్లబ్‌కి వెళ్ళిపోయాడు, అర్ధ సీజన్ కాకుండానే నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌కి వచ్చేశాడు. అక్కడ పోయిన మర్యాద సంగతి ఎవరూ రాయరేం?

మద్దిలపాలెం_కాప్:
సౌదీ విషయంలో నీతో వాదించను, నాకూ మనసు విరిగింది. కానీ 2016లో లీగ్ కప్ ఫైనల్ ఓడినప్పుడు, 2018లో కీవ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ రియల్ మాడ్రిడ్ చేతిలో 3-1 ఓడినప్పుడు కూడా కెప్టెన్ ఇతనే. 2019లో లీగ్‌లో 97 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానం. అన్ని దెబ్బలు తిన్నాక మళ్ళీ జూలైలో ప్రాక్టీస్‌కి జనాన్ని పోగేసుకురావాలి కదా, అది వాచ్‌మన్ చేయలేడు. 2020లో కోవిడ్ అప్పుడు మిగతా క్లబ్బుల కెప్టెన్లందరికీ ఫోన్లు చేసి ఆసుపత్రుల సిబ్బంది కోసం నిధి పెట్టించాడు. మీ మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళూ ఇచ్చారు అందులో, అతను అడిగితేనే.

డెవిల్_గాజువాక:
సరే, ఆ ఫోన్ల ముక్క ఒప్పుకుంటా. మిగతాది కాదు.

పాత_లెఫ్ట్‌బ్యాక్:
బాబూ, నాకు అరవై దాటాయి, ఈ హెండర్సన్ ఆట మా అబ్బాయి చూస్తుంటే పక్కన కూర్చుని చూశాను. మా రోజుల్లో డిపార్ట్‌మెంట్ టీమ్‌కి ఆడేవాణ్ణి. మా కెప్టెన్‌కి ఎడమ కాలు అసలు పనిచేయదు. కానీ మే నెల ఉక్కపోతలో కూడా అందరికన్నా ముందొచ్చి సున్నంతో గీతలు వేసేవాడు. ఎవడు నైట్ షిఫ్ట్ చేసి వచ్చాడో, ఎవడింట్లో పిల్లాడికి జ్వరమో అతనికి తెలుసు, ఆ రోజు వాణ్ణి ఎక్కువ పరిగెత్తించేవాడు కాదు. గ్రౌండ్‌లో ఎవర్నీ తిట్టలేదు. తిట్టేదుంటే ఆట అయ్యాక టీ బండి దగ్గర, వాణ్ణొక్కణ్ణే పక్కకి తీసుకెళ్ళి, అదీ టీ డబ్బులు తనే ఇచ్చి.

ఒకసారి సెమీస్‌లో హాఫ్ టైమ్‌కి 1-0 వెనకబడ్డాం. "ఈ రోజు నా కాళ్ళు ఆడట్లేదు" అని తన చొక్కా విప్పేసి, ఇరవై ఏళ్ళ కుర్రాడికిచ్చి, తను లైను బయట నిలబడ్డాడు. ఓడిపోయామనుకో. కానీ ఆ తర్వాత అతను పోస్ట్ కింద కూర్చోమన్నా కూర్చునేవాళ్ళం.

నువ్వు మార్కింగ్ చూసుకోమని అరిచావన్నావు, ఎవర్ని ఎవరు పట్టుకోవాలో పేరు పెట్టి చెప్పావా? ఊరికే గాలిలోకి అరిస్తే నవ్వక ఏం చేస్తారు.

బీచ్‌రోడ్_సిక్స్:
బాబాయ్ గారూ, పేరు పెట్టి చెప్పలేదండీ. నిజంగా ఆ ఆలోచనే రాలేదు.

అప్‌డేట్: శుక్రవారం ఆ స్ట్రైకర్‌కి ఫోన్ చేశాను, నీకు బాల్ ఎక్కడ కావాలో చెప్పు అనడిగాను. ఇరవై నిమిషాలు మాట్లాడాడు! కాళ్ళ దగ్గరికి ఇవ్వకు, ముందుకి వదులు, నేను చూసుకుంటా అన్నాడు. ఇన్నాళ్ళూ నేను కాళ్ళ దగ్గరికే ఇస్తున్నాను. ఈ ఆదివారం వాడికి అలా ఒకటి వదిలితే గోల్ అయింది, ఇంకో మూడు అవుట్‌కి పోయాయి. "దూరం ఎక్కువైంది" అన్నాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు. 2-2. కార్నర్ అప్పుడు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి చెప్పాను, ఒకడు మాత్రం వినలేదు, ఆ రెండో గోల్ వాడి మనిషే కొట్టాడు. టీ బండి దగ్గర వాడితో మాట్లాడదామని చూస్తే బైక్ తీసుకుని వెళ్ళిపోయాడు.

అన్నట్టు వచ్చే ఆదివారం మా గోలీకి చెల్లెలి పెళ్ళి. ఎవరైనా ఖాళీగా ఉంటే మెసేజ్ పెట్టండి, గ్లవ్స్ మావే. డెవిల్ అన్నా, గాజువాక నుంచి నువ్వొచ్చినా పర్లేదు.