పొగాకు మానేసి బంగాళాదుంప వేయవచ్చా?

కలిగిరి రైతు:
మాది ఎర్రనేల. బోరు, డ్రిప్పు ఉన్నాయి. పొగాకు ఆకు కాల్చే బ్యారన్ ఖర్చులు భరించలేక ఈసారి ఒక ఎకరంలో ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేద్దామనుకుంటున్నాను. మందులు, ఎరువులు తక్కువలో పండించాలని ఉంది. మా నాన్న మాత్రం "మన ఎండకు ఆకే మిగులుతుంది, గడ్డ ఊరదు" అంటున్నారు. ఎవరైనా వేశారా?

వింజమూరు పెద్దాయన:
మీ నాన్నగారి మాట కొట్టిపారేయవద్దు తమ్ముడూ. గడ్డ బాగా ఊరాలంటే రాత్రిళ్లు 20 డిగ్రీల లోపు చలి ఉండాలి. మనకు అది డిసెంబరు, జనవరిల్లోనే, అదీ అంతంత మాత్రం. కాబట్టి సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఇచ్చిన కుఫ్రి సూర్య రకం చూడండి. వేడిని కొంత ఓర్చుకుంటుంది.

పొగాకు తీసిన చేను మాత్రం వద్దే వద్దు. పొగాకు, మిరప, వంగ, ఉర్లగడ్డ అన్నీ ఒకే కుటుంబం. ఎండు తెగులు, వేరుముడి నులిపురుగులు మట్టిలోనే కాచుకుని ఉంటాయి. జొన్నో సజ్జో వేసిన చేను ఎంచుకోండి. ముందుగా జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నండి.

తుపాను వానలు తగ్గేదాకా విత్తనం ముట్టుకోవద్దు. కోసిన ముక్కలు తడినేలలో కుళ్లిపోతాయి. కోడిగుడ్డంత గడ్డలు కోయకుండా నాటండి, విత్తనం ఖర్చు పెరిగినా సరే.

నన్నడిగితే మనకు అసలైన ఆసరా వరిగడ్డి. నాటాక సాళ్ల మీద జానెడు మందాన పరిస్తే నేల చల్లగా ఉంటుంది, తడి ఆగుతుంది, కలుపు లేవదు, వెలుగు తగిలి గడ్డ పచ్చబడదు. పశ్చిమ బెంగాల్ తీరంలో దున్నకుండా నేల మీదే విత్తనం పెట్టి గడ్డి కప్పి పండిస్తున్నారు. అయితే మన ఎర్రనేలల్లో చెదల బెడద ఉంది. వేపపిండి వేయకుండా గడ్డి పరిచారో, పంట వాటిదే. ఇక మేకల సంగతి మీకు చెప్పాలా!

కలిగిరి రైతు:
ధన్యవాదాలండీ. మా బోరు నీళ్లు కాస్త ఉప్పన. పర్వాలేదా?

దర్శి మిరప రైతు:
ముందు నీళ్లు, మట్టి రెండూ పరీక్ష చేయించండి. మట్టిలో ఈసీ (ఉప్పదనం చెప్పే కొలత) 1.7 dS/m దాటితే ఉర్లగడ్డ దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మేము దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగుతాం, మీకు నెల్లూరులోనూ ఉంది.

ఒంగోలు కూరగాయల వ్యాపారి:
పంట సరే, అమ్మకం సంగతి? మీ గడ్డ తవ్వే ఫిబ్రవరిలోనే ఉత్తరాది కొత్త సరుకు కూడా దిగుతుంది, ధర పడిపోతుంది. ఎకరం వద్దు. పాతిక సెంట్లు వేసి చుట్టుపక్కల సంతల్లో మీరే అమ్ముకోండి.