మంచు ఆగింది: మీ ఊళ్లో ఎంత లోతు పడిందో కొలిచి చెప్పండి (చర్చ)

ఎడిసన్_న్యూజెర్సీ

శనివారం సాయంత్రం మొదలైన మంచు ఈ తెల్లవారుజామున ఆగింది. రాత్రంతా మన వాట్సాప్ గ్రూపుల్లో "మా దగ్గర అడుగు", "మా దగ్గర మోకాలి లోతు" అన్న కబుర్లు వచ్చాయి గానీ, వాటిలో ఏది పచ్చికమీద కొలిచి చెప్పినదో, ఏది పార్కింగ్ చివర ప్లౌ బండి నెట్టిన గుట్టను చూసి చెప్పినదో తెలియడం లేదు. ఒకే కౌంటీలో పది మైళ్ల దూరానికే నాలుగైదు అంగుళాలు మారిపోయే తుఫాను ఇది కాబట్టి, ఎవరి ఊరి లెక్క వాళ్లు ఇక్కడ రాస్తే పిల్లల్ని బడికి పంపేవారికీ, రేపు కారు తీయవలసినవారికీ పనికివస్తుంది. దయచేసి ఊరి పేరు, కొలిచిన సమయం, కొత్తగా పడిన మంచు, పాతదానితో కలిపి నేలమీద ఉన్న లోతు విడివిడిగా రాయండి. ఏ చోట కొలిచారో కూడా చెప్పండి.

మాది ఎడిసన్. ఉదయం 7 గంటలకు పెరట్లో, కంచెకూ చెట్లకూ దూరంగా ఉంచిన తెల్ల పలకమీద కొత్త మంచు 9.4 అంగుళాలు ఉంది. గడ్డిమీద పాత మంచుతో కలిపి 12 అంగుళాలు. వాకిట్లో మెట్ల పక్కన గాలి పోగుచేసిన దిబ్బ ఇంతకు రెట్టింపు ఉంది కానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

షార్లెట్_లత

మా దగ్గర రాత్రంతా వానే పడింది. తెల్లవారేసరికి కార్ల అద్దాలమీద నాలుగు పలుకులు కనిపించాయి, నేలమీద ఏమీ నిలవలేదు. ఇలాంటిది రాయడం వల్ల ఉపయోగం ఉంటుందా?

కొలరాడో_పరిశీలకురాలు

లత గారూ, తప్పకుండా ఉంటుంది. మీ దగ్గర ఏమీ నిలవలేదని తెలిస్తేనే మంచుకూ వానకూ మధ్య గీత ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఎవరూ రాయని ఊళ్లో మంచు పడలేదా, లేక కొలిచేవారు లేరా అన్నది బయటివారికి అర్థం కాదు. పలుకులు కనిపించి, కొలవడానికి చాలనప్పుడు పరిశీలకులు అంకెకు బదులు "లేశం" అని నమోదు చేస్తారు. అసలేమీ పడకపోతే సున్నా రాస్తారు. ఈ రెండూ వేరువేరు.

నేను ఉండేది ఫోర్ట్ కాలిన్స్‌లో. 1997 జులై 28న ఈ ఊరికి ఒక పక్కన 14 అంగుళాలకు పైగా వాన కుమ్మరించింది, మరో పక్కన అందులో చిన్న వంతు మాత్రమే పడింది. వరదలో అయిదుగురు చనిపోయారు. ఎక్కడ ఎంత పడిందో తెలుసుకోవడానికి ఆ తర్వాత శాస్త్రవేత్తలు పెరళ్లలో కొలిచినవారినీ, బకెట్లలో నీళ్లు నిలిచినవారినీ అడిగి వివరాలు పోగుచేయవలసి వచ్చింది. ఆ అనుభవం నుంచే 1998లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కోకోరాజ్ అనే స్వచ్ఛంద పరిశీలకుల బృందం మొదలైంది. వాన, వడగళ్లు, మంచు మూడింటినీ ఇళ్ల దగ్గరే కొలిచి పంపేవారు ఇప్పుడు అమెరికా అంతటా, కెనడాలోనూ ఉన్నారు. వాతావరణ శాఖవారూ, నదుల్లో నీటిమట్టాలు అంచనా వేసేవారూ ఆ అంకెలను రోజూ చూస్తారు.

కొలిచే పద్ధతి ఎవరైనా చేయగలిగినదే. రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కకు తెల్ల రంగు వేసి, ఇంటి గోడలకూ చెట్లకూ దూరంగా, గాలి దెబ్బ తక్కువగా తగిలేచోట నేలమీద ఉంచి, మంచులో కూరుకుపోయినా దొరికేలా పక్కన ఒక కర్ర పాతుకోవాలి. ముదురు రంగు పలక కాస్త ఎండకే వేడెక్కి అడుగు మంచును కరిగిస్తుంది కాబట్టి తెలుపే వాడాలి. గడ్డిమీద నేరుగా కొలిస్తే స్కేలు గడ్డి దుబ్బుల్లోకి దిగి లోతు ఎక్కువగా కనిపిస్తుంది. కొత్త మంచును అంగుళంలో పదోవంతు వరకూ, నేలమీది మొత్తం లోతును అర అంగుళం వరకూ చూస్తే చాలు. మంచు ఆగిన వెంటనే, అది అణిగిపోకముందే కొలవడం మేలు. కొలిచాక పలక తుడిచి, కొత్త మంచు పైభాగానికి సమంగా మళ్లీ పెట్టండి.

పార్సిపనీ_నైట్‌షిఫ్ట్

నాకొక సందేహం. రాత్రి డ్యూటీ వల్ల మేలుకునే ఉన్నాను కాబట్టి గంటగంటకూ పలక కొలిచి తుడుస్తూ వచ్చాను. అవన్నీ కూడితే 13.1 అంగుళాలు అయింది. పక్కనే తుడవకుండా వదిలిన బల్లమీద మాత్రం 10.6 అంగుళాలే ఉంది. పడిన మంచంతా లెక్కలోకి రావాలంటే మొదటిదే సరైనది కాదా?

కొలరాడో_పరిశీలకురాలు

మీరు శ్రద్ధగా చేసిన పనే అయినా, ఊళ్లను పోల్చడానికి ఇక్కడ 10.6 రాయమని కోరుతాను. మంచు పడుతూనే తన బరువుకు తాను అణుగుతుంది. ఎంత తరచుగా తుడిస్తే ఆ అణుగుదల అంత తక్కువగా లెక్కకు వచ్చి మొత్తం పెరుగుతుంది. అందుకే పలకను ఆరు గంటలకు ఒకసారికి మించి తుడవకూడదని, అంటే రోజుకు నాలుగు కొలతలకు మించకూడదని నియమం పెట్టారు. 1997 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రం మాంటేగ్‌లో 24 గంటల్లో 77 అంగుళాలు పడినట్టు నమోదైంది. ఆ మొత్తం ఆరు కొలతలు కూడగా వచ్చినదని తేలి, విచారణ సంఘం దాన్ని జాతీయ రికార్డుగా అంగీకరించలేదు. 1921 ఏప్రిల్‌లో మా కొలరాడో సిల్వర్ లేక్‌లో నమోదైన 75.8 అంగుళాలను అది దాటేది. కొలిచిన మనిషి నిజాయితీని ఎవరూ శంకించలేదు. అందరూ ఒకే పద్ధతిలో కొలిస్తేనే రెండు ఊళ్ల అంకెలు పక్కపక్కన పెట్టడానికి వీలవుతుంది.

ఈరీ_ఒడ్డు

బఫెలో పక్కన ఆమ్‌హెర్స్ట్ నుంచి రాస్తున్నాను. నిన్న రాత్రి మాకు 2 అంగుళాలే పడింది. ఊరికి దక్షిణాన ఉన్న మిత్రుడు ఇంటి తలుపు తెరవలేకపోయాడు. ఇంకా గడ్డకట్టని ఈరీ సరస్సు మీదుగా చలిగాలి పొడవునా వీచినప్పుడు, నీటినుంచి వెచ్చదనాన్నీ తేమనూ తీసుకుని ఒడ్డు దాటగానే సన్నని పట్టీలుగా మంచు కుమ్మరిస్తుంది. గాలి దిశ కాస్త మారితే ఆ పట్టీ మరో పేటకు జరుగుతుంది. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్‌లో సుమారు 80 అంగుళాలు పడితే, నగరానికి ఉత్తరాన ఉన్నవారికి అందులో కొంతే వచ్చింది. కాబట్టి మా ప్రాంతం నుంచి రాసేవారు "బఫెలో" అని ఊరుకోకుండా పేట పేరు, దగ్గరి కూడలి చెప్పాలి.

గాలి విషయంలో ఇంకొక మాట. 2022 క్రిస్మస్ రోజుల బ్లిజర్డ్‌లో విమానాశ్రయం దగ్గర 51.9 అంగుళాలు నమోదైంది, కానీ ఏ పెరట్లో చూసినా ఒక మూల గడ్డి కనిపించేది, మరో మూల కిటికీ మూసుకుపోయేది. అలాంటప్పుడు పలకమీద ఉన్నది ఆ స్థలపు నిజం కాదు. గాలి దెబ్బ తక్కువగా తగిలిన పదిచోట్ల స్కేలు దించి సగటు తీయండి, అది సగటు అని రాయండి. ఈ కొలతలకు బయటికి వెళ్లినవారు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ పొగ గొట్టం మూతికి మంచు అడ్డుపడిందేమో తప్పక చూడండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లో చేరుతుంది, దానికి వాసన ఉండదు. మా ప్రాంతంలో లోతుకంటే ముందు దీన్ని అడగడం అలవాటు.

బ్రాంప్టన్_సెంటీమీటర్లు

బ్రాంప్టన్, ఉదయం 8 గంటలు: కొత్త మంచు 11 సెం.మీ., నేలమీద 19 సెం.మీ. గాలి లేదు. కెనడా నుంచి రాసేవారు ప్రమాణం తప్పక చెప్పాలని మనవి. ఒట్టి "11" అని చూసి అంగుళాలనుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడతారు.

శ్రూస్‌బరీ_ఇల్లు

మసాచుసెట్స్, శ్రూస్‌బరీ: కొత్త మంచు 8.2 అంగుళాలు, చివర రెండు గంటలూ స్లీట్ (గడ్డకట్టిన వాన పలుకులు) పడింది. పైపొర పారకు లొంగడం లేదు.

ఇక్కడ అందరూ లోతే అడుగుతున్నారు, ఇంటి యజమానిగా నాకు అంతకంటే ముఖ్యమైనది అందులో ఉన్న నీరు. స్థూలంగా పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరు వస్తుందంటారు కానీ, తడి మంచు అయితే అయిదారు అంగుళాలకే వస్తుంది, కొలరాడో గారి ప్రాంతంలో పడే పొడి మంచుకు ఇరవై కావాలి. చదరపు అడుగుమీద ఒక అంగుళం నీరు నిలిస్తే 5.2 పౌండ్లు. అంటే అడుగు లోతు తడి మంచులో రెండు అంగుళాల నీరు ఉంటే వెయ్యి చదరపు అడుగుల కప్పుమీద పది వేల పౌండ్లకు పైగా బరువు పడుతుంది. అదే లోతు పొడి మంచు అందులో సగం కూడా తూగదు. దానిమీద వాన పడితే ఆ నీళ్లను కూడా మంచు స్పాంజిలా పట్టుకుంటుంది.

2014-15 శీతకాలంలో బోస్టన్ విమానాశ్రయంలో మొత్తం 110.6 అంగుళాలు పడింది. నేలమీద ఒక్కసారిగా అందులో సగం లోతు కూడా నిలవలేదు, ఎందుకంటే పాతది అణిగిపోతూ వచ్చింది. అణిగినా బరువు తగ్గదు, అందుకే ఆ ఫిబ్రవరిలో రాష్ట్రంలో చాలా కప్పులు కూలాయి. "నిన్నటికన్నా లోతు తగ్గింది" అని ఎవరూ నిశ్చింతగా ఉండవద్దు. తలుపులు బిగుసుకోవడం, గోడలమీద కొత్త పగుళ్లు రావడం కనిపిస్తే బయటికి వచ్చేయండి. నిచ్చెన ఎక్కకుండా, నేలమీద నిలబడి, మంచు లాగే పొడవాటి రూఫ్ రేక్‌తో కప్పు అంచులనుంచి లాగండి.

నీటిని కొలవాలంటే నాలుగు అంగుళాల వెడల్పున్న వానకొలత గొట్టం చాలు. చలికాలంలో లోపలి సన్నగొట్టం, గరాటు ఇంట్లో పెట్టేయాలి, నీరు గడ్డకడితే అవి పగులుతాయి. బయటి గొట్టాన్ని బోర్లించి పలకమీది మంచులోకి అడుగుదాకా దించి, కింద రేకు దూర్చి తీసుకొచ్చి, కొలిచిన గోరువెచ్చని నీళ్లు పోసి కరిగించి, పోసిన కొలత తీసివేస్తే మిగిలినది మంచులోని నీరు. నాకు ఈరోజు 1.21 అంగుళాలు వచ్చింది, అంటే చదరపు అడుగుకు ఆరు పౌండ్లకు కాస్త పైన.

సిక్కోలు_మాజీ_సైనికుడు

శ్రీకాకుళం నుంచి చదువుతున్నాను. మా అమ్మాయి మీ న్యూజెర్సీలోనే ఉంటుంది. కాశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పోస్టులో ఉన్నప్పుడు అంకెలు గీసిన కొయ్యను పాతి ఉదయం, సాయంత్రం చదివి వైర్‌లెస్‌లో చెప్పేవాళ్లం. మనాలీలో ఉండిన మంచు పరిశోధన సంస్థ అలాంటి కొలతలను చూసి హిమపాతాల హెచ్చరికలు ఇచ్చేది; ఆ సంస్థే ఇప్పుడు రక్షణ పరిశోధన సంస్థ అయిన డీజీఆర్ఈలో కలిసింది. మైదానంలో మీకు లోతు, బరువు ముఖ్యమైతే, ఏటవాలు కొండమీద మాకు ఎంతసేపట్లో పడిందన్నదే ప్రాణం. పాత గట్టి పొరమీద కొత్త మంచు త్వరత్వరగా పేరుకుంటే గస్తీ ఆపేసేవారు. అందుచేత మంచు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో కూడా రాయమని మీ అందరినీ కోరుతున్నాను.

ఎడిసన్_న్యూజెర్సీ

అయ్యా, మీ సూచన పాటిస్తాం. మొదలైన, ఆగిన సమయాలను మొదటి పోస్టులో చేరుస్తున్నాను. ఇంతవరకూ వచ్చినవాటిలో పార్సిపనీకి 10.6 తీసుకున్నాను, గంటగంటకూ కొలిచిన మొత్తాన్ని విడిగా ఉంచాను. శ్రూస్‌బరీ గారి నీటి కొలత ఒక్కటే ఉంది, ఇంకా కావాలి. ఎల్లుండి ఈ ప్రాంతంలో మంచుమీద వాన పడే అవకాశం ఉందంటున్నారు కాబట్టి, వానకొలత గొట్టం ఉన్నవారు రేపు ఉదయం 7 గంటలకు నేలమీది మొత్తం మంచునుంచి ఒక ముక్క తీసి కరిగించి రాయండి. ఫ్లాట్ కప్పు ఉన్న అపార్ట్‌మెంట్లలో ఉంటున్నవారు ఆ అంకెను మీ మేనేజర్‌కు కూడా చూపించండి.