కృపావరం ఉన్నా సంఘంలో చోటు దొరకని వాళ్లు ఏం చేస్తున్నారు? (చర్చ)

జనగామ_బిడ్డ:
అందరికీ వందనాలు. పెళ్లికి ముందు జనగామ దగ్గర మా ఊరి సంఘంలో పాటలు నేనే నడిపించేదాన్ని, సండే స్కూల్ కూడా నాదే. పెళ్లయి హన్మకొండ వచ్చాను. ఇక్కడ సంఘం పెద్దది, మైకులు మాత్రం ఎప్పుడూ ఆ ముగ్గురి చేతుల్లోనే, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. అడిగితే "ముందు కుదురుకో అమ్మా" అన్నారు. ఇంకా ఎంత కుదురుకోవాలో తెలియదు. ఈ మధ్య యూత్ వాళ్లు ఫోన్‌లో ఒక ఫారం పంపారు, ప్రశ్నలకు టిక్ పెట్టుకుంటూ పోతే నీ కృపావరం, అంటే సంఘం కోసం దేవుని ఆత్మ నీకిచ్చిన సామర్థ్యం, ఏదో చివర్లో చూపిస్తుందట. నాకు "పరిచర్య" అని వచ్చింది. అంటే కుర్చీలు సర్దడమేనా? పాడటం ఆ లిస్టులోనే లేదు. మీ వరం మీకెట్లా తెలిసింది, ఎవరూ ప్రోత్సహించనప్పుడు ఎట్లా నిలబడ్డారు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మా అత్తమ్మనేమో "ఇంట్లో పాడుకో, దేవునికి వినపడదా" అంటోంది.

సౌండ్‌బాక్స్_పరకాల:
అక్కా, నువ్వు మైకు దొరకలేదని బాధపడుతున్నావు, ఆ మైకు పనిచేసేటట్టు చూసేవాణ్ణి నేను. ఆదివారం పొద్దున అందరికంటే ముందు పోయి వైర్లు పరచాలి, మిక్సర్ పెట్టాలి, కూడిక అయ్యాక అన్నీ చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసి రావాలి. అప్పటికి భోజనాల దగ్గర సాంబారు మాత్రమే మిగులుతుంది. సౌండ్ బాగుంటే "దేవుడు బలంగా వాడుకున్నాడు" అని పాస్టర్ గారికి షేక్‌హ్యాండ్ ఇస్తారు. ఒక్కసారి కుయ్‌మని కూత వచ్చిందా, సంఘం మొత్తం మెడలు తిప్పి నా వైపు చూస్తుంది. ఇంతకుముందు ప్యాడ్స్ (కరెంటు డ్రమ్ములు) కూడా నేనే వాయించేవాణ్ణి, కొత్తగా వచ్చిన పిల్లవాడికి అభిషేకం ఎక్కువుందని వాడికిచ్చారు. తాళం తప్పుతాడు, అది వేరే సంగతి.

దాసుడు_1:
ప్రియులారా, ముందు మూలం సరిచేసుకుందాం. ఈ అంశం బైబిల్ కాలేజీలో చెప్పినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. కృపావరాల జాబితాలు బైబిల్లో రోమా 12, 1 కొరింథీ 12, ఎఫెసీ 4లో ఉన్నాయి, 1 పేతురు 4లో క్లుప్తంగా ఉంది. ఎక్కడైనా పాట ఉందా? కీబోర్డు, ప్యాడ్స్ ఉన్నాయా? లేవు. అవి పుట్టుకతో వచ్చే టాలెంట్లు, సినిమా వాళ్లకు కూడా ఉంటాయి. వరం వేరు, టాలెంట్ వేరు. ఈ తేడా తెలియకనే సంఘాల్లో సగం గొడవలు. సిస్టర్ గారికి ఫారంలో పరిచర్య అని వస్తే అది సరైనదే కావచ్చు, విధేయతతో స్వీకరించాలి.

కాజీపేట_అన్న:
సార్, బెసలేలు ఎవరు? నిర్గమకాండం 31 తీయండి. దేవుడు అతణ్ణి ఆత్మతో నింపింది బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు సానబట్టడానికి, చెక్క చెక్కడానికి. ప్రసంగానికి కాదు. చేతిపనికి ఆత్మ కావలసి వచ్చింది కానీ పాటకు అక్కర్లేదా? 1 దినవృత్తాంతాలు 25లో ఆసాపు, హేమాను, యెదూతూను కొడుకులు సితారాలు, తాళాలు వాయిస్తూ ప్రవచించేవాళ్లని రాసి ఉంది. ఇంకేం కావాలి మీకు?

దాసుడు_1:
అది పాత నిబంధన. పాత నిబంధనలో బలిపీఠం కూడా ఉంది, మీ సంఘంలో కడతారా?

కాజీపేట_అన్న:
సరే, కొత్త నిబంధనకే రండి. 1 కొరింథీ 14:26. మీరు కూడి వచ్చినప్పుడు ఒకరికి కీర్తన, ఒకరికి బోధ, ఒకరికి బయలుపరచబడినది, ఒకరికి భాష, అంటే ఆత్మ ప్రేరణతో తెలియని భాషలో మాట్లాడటం, ఒకరికి దాని అర్థం. ఆ వరుసలో మొదట ఉన్నదేంది సార్? కీర్తన. భాషల పక్కన, బోధ పక్కన కూర్చోబెట్టాడు పౌలు. మీ సిలబస్‌లో 14వ అధ్యాయం లేదా?

దాసుడు_1:
గౌరవంగా మాట్లాడండి. సందర్భం చూడకుండా ఒక్క వచనం లాగితే ఏదైనా రుజువు చేయొచ్చు. అక్కడ పౌలు వరాలను లెక్కపెట్టడం లేదు, కూడికలో క్రమం చెప్తున్నాడు. నేను ఎన్నో సంఘాలు స్థాపించినవాణ్ణి, ఎందరో సేవకులను తయారుచేసినవాణ్ణి.

సౌండ్‌బాక్స్_పరకాల:
ఆ సంఘాల్లో మైకులున్నాయా సార్? ఉంటే వైర్లు చుట్టేది ఏ వరం కిందికి వస్తుంది?

నర్సంపేట_అక్క:
మీ లొల్లి మీరు పడండి, ఆ అమ్మాయి అడిగిన రెండో మాటకు నేను చెప్తా. మాది మిర్చి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతే రాలిపోయింది, మా దిక్కు ఎవరి చేను చూసినా అదే గతి. ముందు సాగుకు చేసిన అప్పు ఒకటి, మందులకు తెచ్చింది ఒకటి. ఆ టైంలో సంఘం నుంచి పరామర్శకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పిపోయారు. ఒకాయన దశమభాగం సరిగ్గా ఇచ్చారా అని అడిగాడు. ఇంకొకామె కలలో మా చేను పచ్చగా కనపడ్డదని ప్రవచనం చెప్పి చాయ్ తాగి పోయింది. అదే సంఘంలో పెద్దగా ఎవరితోనూ మాట్లాడని ఒక ముసలామె ఉంది. ఆమె వచ్చి వాక్యం చెప్పలేదు, ప్రార్థన కూడా బయటికి చేయలేదు, నా పక్కన కూర్చుని మిర్చి తొడిమెలు తీసింది, పొద్దుగూకేదాకా. మళ్లీ తెల్లారి వచ్చింది. మా పాప కాలేజీ ఫీజుకు తన కొడుకును అడిగి ఇప్పించిందని తర్వాత తెలిసింది. బైబిల్లో బర్నబా పొలం అమ్మి పైసలు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మమ్మల్నే పొలం అమ్ముకోమన్నారు.
ఆ ముసలామెకు ఫారం పంపితే ఏం వస్తదో చూడాలని ఉంది. ఆమెకు స్మార్ట్‌ఫోనే లేదు.
ఇంకో సంగతి, మా కాటేజ్ ప్రేయర్‌లో, అదే ఇంటి కూడికలో, ఒకామె అందుకుంటే అరగంట భాషల్లోనే, అర్థం చెప్పేవాళ్లు లేరు, పిల్లలు జడుసుకుని ఏడుస్తారు. దానికేమన్నా మందుందా?

పాత_హెబ్రోను:
ఉంది. భాషలు నిలిచిపోతాయని 1 కొరింథీ 13లో ఉంది. పూర్ణమైనది వచ్చినప్పుడు పూర్ణము కానిది నిరర్థకమవుతుంది. పూర్ణమైనది అంటే పూర్తయిన లేఖనం. ఇప్పుడు వినపడేదంతా ఆవేశం.

వాగ్దానం_హుజూరాబాద్:
అన్నా, ఇట్లాంటి మాటలకే నాకు మంట. అదే అధ్యాయంలో ఇంకో రెండు వచనాలు కిందికి చదవండి, అప్పుడు ముఖాముఖిగా చూస్తామని ఉంది. బైబిల్ చేతిలో ఉంది కదా, ముఖాముఖిగా చూస్తున్నారా? అదే చోట జ్ఞానం కూడా నిరర్థకమవుతుందన్నాడు. మరి జ్ఞానం పోయిందా? కొందరిని చూస్తే పోయినట్టే ఉంది. నేను మందుకు బానిసై ఇల్లు గుల్ల చేసుకున్నప్పుడు మీ క్రమమైన సంఘం నన్ను గుమ్మం దాకా కూడా రానియ్యలేదు. ఆవేశపు సంఘమే లోపలికి పిలిచింది. నా సాక్ష్యాన్ని ఆవేశం అనొద్దు.

పాత_హెబ్రోను:
తమ్ముడూ, నీ మార్పును నేను కాదనలేదు. భాషల గురించి మాట్లాడాను. నువ్వు వ్యక్తిగతంగా తీసుకుంటే నేనేం చేసేది.

వాగ్దానం_హుజూరాబాద్:
వ్యక్తిగతం కాక ఇంకేంది, నేను మారింది అట్లాంటి కూడికలోనే.

నర్సంపేట_అక్క:
నేను అడిగింది పిల్లలు ఏడుస్తున్నారని. ఆగిపోయాయా ఆగలేదా అని కాదు!

కాజీపేట_అన్న:
అక్కా, భాషలు ఉన్నాయని నమ్మే సంఘానికి కూడా పౌలు లెక్క చెప్పాడు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాళ్లు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి తనలో తాను దేవునితో మాట్లాడుకోవాలి. 1 కొరింథీ 14:27, 28. మీ ఇంటి కూడిక నడిపించే అయ్యగారితో ఈ రెండు వచనాలు ఒక శుక్రవారం చదివించండి, ఆమె పేరు ఎత్తకుండా. ప్రవచనానికి కూడా అదే రూలు, మిగతావాళ్లు వివేచించాలని 29లో ఉంది. ఆ చేను పచ్చగా కనపడ్డామెను ఎవరూ వివేచించలేదు, చాయ్ పోశారు.

నిర్వాహకుడు:
డినామినేషన్ల (సంఘ శాఖల) మీద దెబ్బలాట ఆపండి. రెండు పోస్టులు తీసేశాను. సభ్యుల సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు రాయొద్దు. ప్రశ్న అడిగినామె చూస్తూనే ఉంది, ఎవరూ ఆమెకు జవాబు చెప్పడం లేదు.

ఇందూరు_నర్స్:
నేను చెప్తాను, కానీ పాట గురించి కాదు, నాకు గొంతు లేదు. రోమా 12:8 చివర్లో "కరుణించువాడు సంతోషముతో" అని ఉంటుంది, ఆ వరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మా నిజామాబాద్ పక్కనే డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కలిసి నడిపారు, 1915లో మొదలైంది. ఆ రోజుల్లో కుష్ఠు ఉన్నవాళ్లను ఊళ్లోకి కూడా రానిచ్చేవాళ్లు కాదు. ఇంకో సంగతి చెప్పాలి, దానికి పెద్ద మొత్తం ఇచ్చింది రాజా నర్సా గౌడ్ గారు, ఆయన హిందువు. పంచిపెట్టే మనసు ఎవరికి ఇవ్వాలో దేవుడు మనల్ని అడగలేదని నాకనిపిస్తుంది. దాసుడు గారు ఇది టాలెంటా వరమా అని తర్వాత తేల్చుకోవచ్చు.
నాకు నా వరం ఎట్లా తెలిసిందంటే, నైట్ డ్యూటీలో పేషెంట్లు నన్నే పిలవమనేవాళ్లు. ఇంజక్షన్ అందరం ఒకటే ఇస్తాం కదా అనుకునేదాన్ని. మా సీనియర్ ఒకామె, ఆమె క్రైస్తవురాలు కూడా కాదు, "నువ్వు గదిలోకి పోతే వాళ్ల ఊపిరి నిమ్మళమవుతుంది" అన్నది. సంఘంలో నన్ను ఇప్పటికీ ఎవరూ ఏమీ అనలేదు. అనాలని కూడా లేదు ఇప్పుడు, మొదట్లో ఉండేది.

డోర్నకల్_మనవడు:
పాతకాలం సేవకుల మాట వచ్చింది కాబట్టి మా దిక్కు సంగతి ఒకటి చెప్తా. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. ఆయన బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. చదువురాని కూలీలతో, ఆడవాళ్లతో కూడా. అంటే నీళ్లలోంచి లేచే రోజే పని చేతికిచ్చేవారు, ముందు కుదురుకో అనలేదు. ఇప్పుడు మన సంఘాల్లో బాప్తిస్మం అయితే చేతికి వచ్చేది కానుక కవరు.

పాత_హెబ్రోను:
ఈ మాటకు ఆమెన్. మా తాతల కాలం నుంచి చూస్తున్నా, మహాసభలప్పుడు వేలమందికి వండి వడ్డించేవాళ్లు ఒక్కరు కూడా స్టేజీ ఎక్కరు. మా సహవాసాలను మొదలుపెట్టిన భక్త్ సింగ్ గారి కాలం నుంచీ ఆరాధన అయ్యాక అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినడం మా సహవాసాల్లో అలవాటు. కులం పోవడానికి ఆ భోజనం చేసినంత పని ప్రసంగాలు చేయలేదు. అమ్మా జనగామ బిడ్డా, పరిచర్య అని వస్తే చిన్నబోవద్దు.

జనగామ_బిడ్డ:
చిన్నబోయింది కుర్చీల గురించి కాదు తాతా. మా ఊళ్లో కుర్చీలూ నేనే వేసేదాన్ని, చాపలూ దులిపేదాన్ని. ఇక్కడ అవి కూడా ఇయ్యడం లేదు, వాటికి వేరే కమిటీ ఉంది! అందరూ ఓపిక పట్టమంటున్నారు, ఓపిక ఉంది. కానీ తిమోతికి పౌలు, నీలో ఉన్న వరాన్ని ప్రజ్వలింపచేయి అని రాశాడు కదా. అంటే ఊదకపోతే ఆరిపోతుందనే కదా. నా భయం అది. ఈ మధ్య ఇంట్లో కూడా పాడటం లేదు.
నర్సంపేట అక్కా, ఆ ముసలామె సంగతి రెండుసార్లు చదివాను.

నర్సంపేట_అక్క:
మా ఊరికి రా బిడ్డా. ఎండాకాలం వీబీఎస్‌కు, అదే సెలవుల్లో పిల్లల బైబిల్ బడికి, పాటలు నేర్పేవాళ్లు లేరు, పోయినేడు ఫోన్‌లో వీడియో పెట్టి గంతులేయించాం. చార్జీలు ఇస్తాం, భోజనం మా ఇంట్లో. మీ ఆయనను, అత్తమ్మను కూడా తీసుకురా, ఆమెకు ఇంట్లో వినపడేది ఊళ్లో వినపడుతుంది.

దాసుడు_1:
స్థానిక సంఘ కాపరి అనుమతి లేకుండా వేరే సంఘంలో సేవ చేయడం క్రమం కాదు. ఈ విషయం మీద నేను రాసిన పాఠం ఉంది, కావాల్సినవాళ్లు నంబరు పెట్టండి, పంపుతాను.

కాజీపేట_అన్న:
అపొల్లో ఎఫెసుకు వచ్చి సమాజమందిరంలో మాట్లాడాడు సార్. అకుల, ప్రిస్కిల్ల అతణ్ణి ఇంటికి తీసుకుపోయి సరిచేశారు, అనుమతి పత్రం అడగలేదు. ఆ తర్వాత అతను అకయకు పోతానంటే సహోదరులు ప్రోత్సహించి అక్కడివాళ్లకు ఉత్తరం కూడా రాశారు. అపొస్తలుల కార్యములు 18. అమ్మా, పాస్టర్ గారికి చెప్పి పో, అడిగి కాదు, చెప్పి. వచ్చాక ఫోటోలు చూపించు.

జనగామ_బిడ్డ:
అక్కా, మెసేజ్ పెట్టాను చూడండి. అత్తమ్మ వస్తానంటోంది, మిర్చి పచ్చడికి కాయలు దొరుకుతాయా అని అడుగుతోంది.

సౌండ్‌బాక్స్_పరకాల:
అందరికీ అన్నీ తేలినయి. నా కూత సంగతి ఎవరైనా చెప్తారా?

కాజీపేట_అన్న:
తమ్ముడూ, బాక్సులు ఎక్కడ పెట్టావు? పాడేవాళ్ల వెనక ఉంటే బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే పోతుంది, అందుకే కూత. మైకుల కంటే ముందుకు జరిపి, ముఖం జనం వైపు తిప్పు. వాడని మైకులు బంద్ పెట్టు, గెయిన్ కొంచెం తగ్గించు.

సౌండ్‌బాక్స్_పరకాల:
వెనక పెట్టించింది పెద్దలే అన్నా. ముందు పెడితే లైవ్ వీడియోలో బ్యానర్‌కు అడ్డం వస్తున్నాయట.